దుంగలో దాగిన ఇనుము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో చేతిపనుల శాఖ పక్షమున చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో మాతృభాషను గూర్చియు, బాలబాలికల విద్యాభివృద్ధిని గూర్చియు పెద్దలు ఉపన్యసించుట పరిపాటి. ఈ యేడు చేతిపనుల శాఖవారమైన మాకును కొంతసేపు మాటలాడు అవకాశము లభించినది. మేము ఎన్నుకొన్న విషయము వినుటకు చిన్నదిగా తోచవచ్చును. ఇంటివద్ద దుంగను పలకలుగా కోయుటకు ముందు అందులో దాగియున్న మేకును, తీగను, కొక్కెమును కనిపెట్టుట ఎట్లు? ఇదియే మా విషయము. మేకు చిన్నదే. కాని అది రంపమును విరుచును. విరిగిన రంపము మనుష్యుని కన్నును, చేతిని, ఒక్కొక్కప్పుడు ప్రాణమును హరింపగలదు. కావున ఇది గృహస్థులందరు వినదగిన సంగతియే యని మా నమ్మకము.

మన కృష్ణగిరి ప్రాంతము మామిడికి పేరుగన్నది. తోతాపురి మామిడి తోటలు మనలో అనేకులకు జీవనాధారములు. కాపు తగ్గిన ముదురు చెట్లను తీసివేసి క్రొత్త అంట్లు నాటుట తోటలలో మామూలు. ఆ మ్రానులను వంటచెరకుగా అమ్మివేయుటకు మనసొప్పక బల్లలకు, పెట్టెలకు, తలుపులకు పలకలు తీయించుకొనువారు పెక్కురు. పెరటిలోని వేప, పనస, గట్టుమీది చింత, తుమ్మ కూడ ఇట్లే ఉపయోగపడుచున్నవి.

పూర్వము ఇద్దరు కోతగాండ్రు దుంగను ఎత్తుమీద నిలిపి, ఒకరు పైనను ఒకరు క్రిందను నిలిచి, పెద్ద రంపముతో దినమంతయు కోసెడివారు. ఆ పని నిదానమైనది. మేకు తగిలినప్పుడు చేతికి తెలిసెడిది. నాలుగు పళ్ళు మొద్దువారినచో ఆకురాయితో పదును పెట్టుకొనెడివారు. నేడు పెట్రోలుతో నడుచు గొలుసు రంపము ఇంటింటికి వచ్చినది. ట్రాక్టరు వెనుక తగిలించుకొని పెరటిలోనికే తీసికొనిరాదగిన చిన్న పట్టీరంపపు యంత్రములును ఉన్నవి. ఇట్టి యంత్రములలో ఉక్కుపట్టీ నిమిషమునకు సుమారు 5,000 అడుగుల వేగముతో పరుగెత్తును. ఆ వేగమున మేకు తగిలినచో, చేతికి తెలియులోపలనే జరుగవలసినది జరిగిపోవును.

ఇందుకొక నిదర్శనము. 1987 మే నెల 8వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, క్లోవర్‌డేల్ అను ఊరి కోతమిల్లులో పట్టీరంపము ఒక పొడవైన మేకునకు తగిలి ముక్కలయ్యెను. ఎగిరిన ముక్క ముఖమునకు తగిలి ఒక యువ కార్మికుని దవడ విరిగెను, పండ్లు రాలెను. ఆ మేకు పొరపాటున పడినది కాదు. ఎవరో కావలెనని దుంగలో దిగగొట్టినది. కాని రంపమునకు ఈ భేదము తెలియదు. ద్వేషముతో కొట్టిన మేకును, బిడ్డకు ఉయ్యాల కట్టుటకై ప్రేమతో కొట్టిన మేకును దానికి ఒక్కటే.

మ్రాను లోపలికి ఇనుము ఎట్లు పోవును? అది తానై పోవుట లేదు. చెట్టే దానిని కప్పివేయుచున్నది. బెరడునకు క్రిందుగా సన్నని సజీవమైన పొర యొకటి కలదు. అదియే లోపలివైపున క్రొత్త కలపను, వెలుపలివైపున క్రొత్త బెరడును పెంచుచుండును. కావున చెట్టు లావగుట యనగా పాత కలపమీద క్రొత్త కలప పొరలు పొరలుగా పేరుకొనుటయే. నేడు బెరడుమీద కొట్టిన మేకు కదలక అక్కడనే యుండును. క్రొత్త కలప దాని చుట్టును పెరిగి, తలను మింగి, కొన్నేండ్లకు బెరడు కూడ మూసికొనును. ఒక చెట్టు ప్రక్కకు ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున పెరిగినదనుకొందము. ఇరువది యేండ్లలో ఆ మేకుతలమీద పది సెంటీమీటర్ల కలప చేరును. కొట్టినవారు మరచిపోవుదురు, చెట్టు మాత్రము దానిని దాచియుంచును.

దీనినుండి మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, చెట్టు ఎత్తు పెరిగినను మేకు పైకి పోదు. చెట్టు ఎదుగుదల కొమ్మల చివరలందు జరుగును గాని మొదలు సాగుట లేదు. ఛాతీయెత్తున కొట్టిన మేకు యాబదియేండ్లకైనను ఛాతీయెత్తుననే యుండును. మనిషి చేయి అందునంత ఎత్తువరకు, అనగా నేలనుండి ఏడెనిమిది అడుగులవరకు ప్రమాదము హెచ్చు. దురదృష్టవశమున కలపలో మిక్కిలి విలువైన భాగమును అదియే. రెండవది, చెట్టు సన్నగా నున్నప్పుడు కొట్టిన మేకు నడిబొడ్డునకు చేరువగా నుండును; ఇటీవల కొట్టినది అంచునకు చేరువగా నుండును. కావున పైపైన వెదకి దొరకలేదని నిశ్చింతగా నుండరాదు. మూడవది, కొబ్బరి, తాటి చెట్లకు ఈ విధమైన పెరుగుదల లేదు. వానిలో కొట్టిన మేకును క్రొత్త కలప కప్పదు. ఎలుకలు ఎక్కకుండుటకై కొబ్బరిమొదలునకు చుట్టిన రేకు మేకులు పైననే వెదకిన దొరకును.

ఇక వెదకు విధానము. అందు మొదటి సాధనము యంత్రము కాదు, నోరు. చెట్టు ఎక్కడిది, ఎవరిది, దాని చరిత్ర ఏమి అని అడుగవలెను. పెరటి చెట్టయినచో ఉయ్యాల కొక్కెము, బట్టలారవేయు తీగ, విద్యుద్దీపపు బిగింపులు ఉండవచ్చును. పశువుల కొట్టము ప్రక్కనున్న చెట్టయినచో పలుపుకట్టు కడియము ఉండవచ్చును. తోట సరిహద్దు చెట్టయినచో ముండ్లతీగను గూర్చి తప్పక అనుమానింపవలెను. గుంజ పాతుటకు మారుగా చెట్టునకే తీగను కొట్టుట రైతులకు అలవాటు. రహదారి చింతచెట్టయినచో ప్రకటన పలకలు, ఎన్నికల గుర్తులు, అంగడి బోర్డులు, ఒకదాని మీద నొకటిగా దశాబ్దములుగా కొట్టబడియుండును. ఇండ్లలోని ముసలివారిని అడిగినచో, “ఆ చెట్టుకు మా నాయనగారు గంట కట్టించినారు” అని ఒక్క మాటలో చెప్పగలరు. ఆ మాట వేయి రూపాయల రంపమును కాపాడును.

రెండవ సాధనము కన్ను. దుంగను కడిగి, మన్ను పోగొట్టి, పగటి వెలుతురులో చుట్టును చూడవలెను. బెరడుమీద కారణము లేని బొడిపె, మూసికొనిన పుండు వంటి మచ్చ, పెదవులు మూసికొన్నట్టు అడ్డముగా పోవు గీత కనబడినచో అనుమానింపవలెను. అడ్డగీత తరచు తీగకు గుర్తు. కొమ్మ విరిగిన చోట కూడ బొడిపె కట్టును. కాని కొమ్మ లేకుండదగిన చోట, ఒకే యెత్తున రెండు మూడు బొడిపెలు వరుసగా నున్నచో అవి మనిషి చేతి పనియే.

తరువాత దుంగ యొక్క రెండు కొనలను చూడవలెను. నలుపుతో కలిసిన నీలపు మరక యొకటి కనబడినచో అది లోపలి ఇనుము వ్రాసి పంపిన ఉత్తరమనుకొనుడు. ఇందలి రహస్యము మన తెలుగువారికి క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నల్లరంగును ఎట్లు తీయుదురు? తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి పులియబెట్టుదురు. గుడ్డను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరవేయుదురు. ఆ ద్రవములో ముంచిన కలము గుడ్డను తాకినంతనే నల్లని గీత యేర్పడును. కరక్కాయలోని వగరు పదార్థమును, ఇనుమును కలిసినందున పుట్టిన నలుపు అది. మన పెద్దలు కరక్కాయయు అన్నభేదియు కలిపి సిరా చేసికొనినదియు ఈ సూత్రముననే. తుమ్మ మొదలైన పెక్కు మ్రానులలో ఈ వగరు కలదు. పచ్చికలప తేమలో మేకు తుప్పుపట్టి ఆ వగరుతో కలిసినప్పుడు చెట్టు తనలో తానే సిరా కాచుకొనును. ఆ మరక నారవెంబడి క్రిందికి మీదికి ప్రాకును. కాబట్టి మేకు అడుగు దూరమున నున్నను కొనలో మచ్చ కనబడవచ్చును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు చెప్పవలెను. మామిడి కలపకు కొట్టిన కొలది దినములలోనే బూజువలన నీలిమచ్చ పట్టుట సహజము. బూజుమచ్చ బూడిదవన్నెతో అంచు కలపలో వెడల్పుగా వ్యాపించును; ఇనుపమచ్చ చిక్కగా ఒక చోటినుండి బయలుదేరి గీతవలె నారవెంట పోవును. రెండవ జాగ్రత్త మరింత ముఖ్యమైనది. అల్యూమినియము, సీసము ఇట్టి నల్లమచ్చను పుట్టింపవు. కావున మచ్చ యున్నచో ఇనుము ఉన్నదని అనుమానింపవచ్చును గాని, మచ్చ లేదు గనుక లోహమే లేదని నిశ్చయింపరాదు.

మూడవ సాధనము లోహశోధిని. రైలు స్టేషనులలో కావలివారు చేత పట్టుకొని మనలను తడవి చూచు పరికరము ఈ జాతిదే. దీని మూలసూత్రమును మన పిల్లలు ఉన్నత తరగతులలో చదువుకొనుచున్నారు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే అది. తీగచుట్టలో దిశ మారుచుండు విద్యుత్తు ప్రవహించినప్పుడు దాని చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రములో లోహము పడినచో దానిలో సుడివిద్యుత్తు పుట్టి, అది మరల తనదైన క్షేత్రమును కలిగించును. ఆ మార్పును పరికరము గ్రహించి కూతగా మార్చి మనకు వినిపించును. అయస్కాంతపు ముక్క ఇనుమును మాత్రమే, అదియు పైపైననే పట్టును. లోహశోధిని రాగిని, అల్యూమినియమును కూడ పట్టగలదు.

ఈ పరికరపు చరిత్రలో మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకి దెబ్బ తినెను. దేహములోని గుండు ఎచ్చటనున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండరు గ్రాహం బెల్ తీగచుట్టలతో ఒక పరికరమును కూర్చి గుండును వెదకెను. పరికరము పనిచేయునదే, కాని వెదకుట ఫలింపలేదు. రోగి పరుండిన పరుపులో ఉక్కుతీగలు ఉండెనని తరువాత తెలిసెను. పైగా వైద్యుడు తాననుకొన్న కుడివైపుననే వెదకనిచ్చెను. గుండు ఎడమవైపున నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. పరికరము మంచిదైనంత మాత్రమున చాలదు. పరిసరములలోని ఇనుమును దూరము చేయవలెను, అనుకొన్న వైపు మాత్రమే గాక అన్ని వైపుల వెదకవలెను. ఈ రెండును దుంగకును వర్తించును.

కావున దుంగను లారీ మీదనో, యంత్రపు ఇనుపదిమ్మె మీదనో ఉంచి వెదకరాదు. నేలమీద ఉంచినను మన ఎర్రమన్నులోని ఇనుపపాలు కొన్ని పరికరములను మోసగించును. రెండు కొయ్యదిమ్మెలమీద ఎత్తి నిలుపవలెను. చేతి గాజులు, గడియారము, జేబులోని తాళపుచెవులు తీసివేయవలెను. పరికరమును బెరడునకు తగులునంత చేరువగా, నెమ్మదిగా, ఒక బాటపై సగము మరియొక బాట పడునట్లు నడుపవలెను. తరువాత దుంగను దొర్లించి నాలుగు వైపుల చూడవలెను. కూత వినబడిన చోట సుద్దతో గుండ్రముగా గుర్తిడవలెను. రెండు వైపులనుండి గుర్తులు పెట్టినచో లోతు ఎంతయో ఊహించుకొనవచ్చును.

పరికరము ఎంత లోతువరకు చూడగలదో కొన్నవారే పరీక్షించుకొనవలెను. పరీక్ష సులభము. ఒక మేకును బల్లమీద నుంచి, దానిపై అంగుళపు పలకలను ఒకటొకటిగా పేర్చుచు, ఎన్నవ పలకతో కూత ఆగిపోవునో చూడుడు. చిన్న చేతిపరికరములకు కొద్ది అంగుళములు దాటి చిన్న మేకు కనబడదు. పెద్ద చుట్ట గల పరికరము ఎక్కువ లోతు చూచును గాని చిన్న ముక్కలను విడిచిపెట్టవచ్చును. ఈ కారణముచేత ఒక్క మారు వెదకుట చాలదు. పై చెక్క తీసిన తరువాత మరల వెదకవలెను. తరువాత రెండు మూడు పలకలకు ఒక మారు వెదకవలెను. పలక తీసిన కొలది నడిబొడ్డు చేరువగును. ఇంతకుముందు అందని మేకు ఇప్పుడు అందును.

లోహము దొరికినచో ఏమి చేయవలెను? పైననున్న మేకు చుట్టును బరమాతో తొలిచి, ఉలితో కలప తీసి, పట్టకారుతో లాగవలెను. లోతుననున్నచో ఆ యడుగు కలపను కోసి పారవేయుటయే మేలు. తీగయైనచో అది ఎంతవరకు చుట్టుకొనియున్నదో తెలియదు గనుక ఆ భాగమును మొత్తముగా వదలుకొనవలెను. ఒక మేకు దొరికినదని సంతోషించి ఆగరాదు. బోర్డు కొట్టినవాడు ఒక్క మేకుతో కొట్టడు. మూలకొకటి చొప్పున నాలుగు కొట్టును.

కోయునప్పుడు రంపపు ధ్వని మారినను, నిప్పురవ్వ లేచినను, రంపపుపొడి నలుపు తిరిగినను వెంటనే యంత్రమును నిలుపవలెను. “ఇంకొక అంగుళమే గదా” అని త్రోయరాదు. గొలుసు రంపము వాడువారు గొలుసు పరుగెత్తు దిశకు నేరుగా నిలువరాదు. పట్టీరంపమునకు తొడుగు లేకుండ నడుపరాదు. కంటి అద్దములు, చెవి మూతలు, బిగుతైన బట్టలు తప్పనిసరి. పిల్లలను, పెంపుడు జంతువులను ఆ ఆవరణములోనికి రానీయరాదు. పిల్లలకు యంత్రము వింతగా నుండును. చూడవలెనని చేరువకు వచ్చెదరు. వారికి చూపవలసినది కోత కాదు. కోతకు ముందు జరుగు వెదకులాట. సుద్దముక్క ఇచ్చి గుర్తులు పెట్టుమనుడు. విజ్ఞానశాస్త్రమును వారు అంత సంతోషముగా మరియొకచోట నేర్వరు.

ఈ బాధ మనకు మాత్రమే పరిమితము కాదు. మొదటి ప్రపంచ యుద్ధము (1914–18) ముగిసి నూరేండ్లు దాటినది. అయినను ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగమున, వెర్డన్ మొదలైన యుద్ధభూములలోని అడవి చెట్లలో ఆనాటి ఫిరంగిగుండ్ల తునుకలు నేటికిని దొరకుచున్నవి. అట్టి కలపయన్న అచ్చటి కోతమిల్లులవారు సంకోచింతురు, లోహశోధినితో పరీక్షింతురు, వెల తగ్గింతురు. యుద్ధము చేసినవారు పోయిరి. వారి ఇనుము మాత్రము మునిమనుమల రంపములకు తగులుచున్నది. మన ఊళ్ళలో ఆ యుద్ధము జరుగలేదు. కాని ఒక్కొక్క రహదారి చెట్టును చూచినచో, దానిపై మనము చేసిన యుద్ధము తక్కువది కాదనిపించును.

ఇక మన పాఠశాలకు సంబంధించిన మాట. ఈ యంత్రములతో వచ్చు జాగ్రత్తల పుస్తకములు చాలవరకు ఆంగ్లమున నుండును. యంత్రమును నడుపువాడు పుస్తకమును చదువడు. చదువగలవాడు యంత్రము దరికి పోడు. ఈ నడిమి లోతును పూడ్చగలవారు మన పిల్లలే. వారికి బడిలో ఆంగ్లమును తెలుగును రెండును వచ్చును. ఆ పుస్తకమును ఇంట కూర్చుండి చదివి, తాతకు, మేనమామకు, కోతగానికి అర్థమగు తెలుగులో చెప్పుమనుడు. మరియు ఉలి, బాడిస, చిత్రిక, ఆకురాయి, బరమా అను మాటలను వడ్రంగి నోట విని వ్రాసికొనుమనుడు. మాతృభాష పద్యములలో మాత్రమే బ్రతుకదు. ప్రాణాపాయమున “ఆపు” అను మాట ఏ భాషలో నోటికి వచ్చునో ఆ భాషలోనే జాగ్రత్తలును తెలిసియుండవలెను.

చివరగా తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు. ఒకటి, ఇంట దుంగ కోయించునప్పుడు అడుగుట, చూచుట, శోధించుట అను మూడు పనులును అయిన పిమ్మటనే యంత్రమును నడుపనిండు. కోతగాడు తొందరపడినను మీరు తొందరపడకుడు. రెండు, పచ్చని చెట్టునకు మేకు కొట్టకుడు. ఉయ్యాలకు మోకు చాలును. బోర్డునకు నులకత్రాడు చాలును. కంచెకు గుంజ పాతుడు. త్రాడైనను చెట్టు లావగుకొలది ఏటేట సడలించి కట్టుడు. మన పాఠశాల ఆవరణములోని చెట్లకు ఉత్సవ తోరణములను సయితము త్రాటితోనే కట్టవలెనని కార్యవర్గమువారిని వేడుచున్నాము. మూడు, ఇదివరకే కొట్టిన మేకులు మీకు జ్ఞాపకమున్నచో వానిని గూర్చి పిల్లలకు చెప్పియుంచుడు. పొలము సరిహద్దులు చెప్పునట్లే ఇదియు చెప్పుడు.

చెట్టు నాటినవాడు దాని కలపను కోసికొనుట అరుదు. ఒక తరము నాటును. మరియొక తరము కోయును. ఆ రెండు తరముల నడుమ చెట్టు తనకు అప్పగించిన దానిని అప్పగించినట్లే కాపాడి యిచ్చును. మేకునైనను సరే, మేలైన చేవనైనను సరే. మన బిడ్డలకు ఏది అందవలెనో నిర్ణయించువారము మనమే.